జిగురు కలిపే ముందు: తల్లీకూతుళ్లు ఇంట్లో కట్టిన 2.35 మీటర్ల తెరచాప పడవ

ముందు పడవ కొలతలు. మొత్తం పొడవు 2.35 మీటర్లు. వెడల్పు మధ్యలో 1.2 మీటర్లు, ముక్కు దగ్గర 0.75, వెనక 0.95. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, పక్కకు ఒక్కో పలక, ముక్కు మొనదేలకుండా అడ్డంగా కోసేసినట్టు ఉంటుంది. 6 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ పలకల్ని రాగి తీగతో కుట్టి, సందుల్ని ఎపాక్సీతోనూ (రెసిన్‌లో హార్డెనర్ కలిపితే గట్టిపడే జిగురు) గ్లాస్ టేప్‌తోనూ (గాజునార పట్టీ) అతికే పద్ధతి. తెరచాప 3.3 చదరపు మీటర్లు. చుక్కాని, మాస్ట్ (తెరచాపను నిలిపే స్తంభం) లేకుండా హల్ (పడవ డొల్ల) బరువు 38 కిలోలు తూగింది. ఒక పిల్ల, ఒక పెద్దవారు కలిసి ఎక్కవచ్చు, ముగ్గురికి చాలదు.

ముక్కు అలా మొండిగా ఉండటానికి కారణం ప్లైవుడ్ షీటు పొడవే. షీటు 2,440 మి.మీ. దాటదు. మొనదేలిన ముక్కు కావాలంటే రెండు షీట్లను అతకాలి, లేదా లోపల చోటు వదులుకోవాలి. మొండి ముక్కుతో అయితే ఒకే షీటులోంచి పూర్తి పొడవు పక్క పలక వస్తుంది, కూర్చునే చోటూ మిగులుతుంది. 1947లో ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్‌లో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం గీసిన ఆప్టిమిస్ట్ పడవదీ ఇదే ముక్కు. 1960ల మొదట్లో బారీ బక్నెల్, జాక్ హోల్ట్ ఇంట్లో కట్టుకునేవాళ్ల కోసం రూపొందించిన మిర్రర్ పడవ రాగి తీగ కుట్టు పద్ధతిని వేలాది ఇళ్లకు చేర్చింది. ఆ రకం పడవలు 70,000కు పైగా తయారయ్యాయి. అంటే ఇంట్లో పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి కట్టడానికి బాగా నలిగిన దారే ఇది.

ఈ పడవ కట్టినవాళ్లు ఇద్దరు. రంపం, డ్రిల్ వాడటం అలవాటున్న తల్లి, పన్నెండేళ్ల కూతురు. ఇదంతా రాయడానికి అసలు కారణం వాళ్లు పని పంచుకున్న తీరు.

పని పంపకం

మామూలుగా పెద్దవాళ్లు ముఖ్యమైన పనులన్నీ తామే చేసి, గరుకు కాగితంతో రుద్దడం, రంగు వేయడం పిల్లలకు వదిలేస్తారు. రెండోవారానికే పిల్లలకు విసుగు పుడుతుంది. పైగా ఆ పంపకంలో ప్రమాదం కూడా ఉంది: పూర్తిగా గట్టిపడని ఎపాక్సీని రుద్దినప్పుడు లేచే పొడి, తడి ఎపాక్సీ కన్నా ఏమంత మేలు కాదు. ఎపాక్సీ హార్డెనర్ చర్మానికి పదేపదే తగిలితే ఒంటికి పడకుండా పోతుంది. ఒకసారి అలర్జీ మొదలైతే ఆ మనిషి ఇక జీవితాంతం ఎపాక్సీ దగ్గరకు రాలేకపోవచ్చు. పన్నెండేళ్ల పిల్లకు అది అంటగట్టే హక్కు ఎవరికీ లేదు. అందుకని తడి ఎపాక్సీ, దాని పొడి, కరెంటు రంపం తల్లి పని. గీత గీయడం, చేతి డ్రిల్‌తో కన్నాలు వేయడం, తీగ కుట్టడం, చిత్రిక పట్టడం, తాళ్లూ ముళ్లూ, తెరచాప కుట్టు కూతురి పని. వీటన్నిటికీ మించి ఇంకో బాధ్యత ఆమెకు ఇచ్చారు: తనిఖీ. జిగురు కలిపే ప్రతిసారీ ముందు కొలతలన్నీ ఆమె చూసి, పుస్తకంలో రాసి, సరే అనాలి. ఆమె వద్దంటే ఆ రోజు జిగురు లేదు.

ఇది పిల్లను సంతోషపెట్టడానికి చేసిన ఏర్పాటు అనుకుంటే పొరపాటే. కుట్టు పద్ధతిలో తీగలు ఉన్నంతసేపూ ప్రతిదీ సవరించుకోవచ్చు. సందుల్లో ఎపాక్సీ గట్టిపడ్డ మరుక్షణం పడవ ఆకారం శాశ్వతం. చేతులకు గ్లవ్స్ వేసుకుని, కప్పులు సర్దుకుని, పని మొదలుపెట్టాలని ఆత్రపడుతున్న మనిషి తన కొలతలో తప్పు తను చూడలేడు. జిగురు జోలికి రాని రెండో మనిషి కావాలి.

ప్లైవుడ్, కోత

నాలుగు షీట్లు పట్టాయి. ఒకదాంట్లో అడుగు పలక. రెండోదాంట్లో రెండు పక్క పలకలు, మిగిలిన బద్దలో ముక్కు పలకా వెనక పలకా. మూడు, నాలుగు షీట్లలో అడ్డు పలకలు, గాలి పెట్టెల (పడవను తేల్చి ఉంచే మూసిన అరల) మూతలు, డాగర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా అడుగులోంచి నీళ్లలోకి దించే పలక), అది దిగే పెట్టె, చుక్కాని. నాలుగోది సగానికి పైగా మిగిలింది.

షీటు మీద ఏ ముద్ర ఉన్నా సరే, మూలన చిన్న ముక్క కోసి గంటసేపు నీళ్లలో మరిగించి, ఆరబెట్టి, మళ్లీ మరిగించి చూడాలి. పొరలు విడిపోతే ఆ షీటు పడవకు పనికిరాదు. అంచును కూడా పరిశీలించాలి: లోపలి పొరల్లో ఖాళీలు కనిపిస్తే, ఆ ఖాళీ సరిగ్గా వంపు వచ్చేచోట పడితే పలక అక్కడే మడత పడి విరుగుతుంది.

వంపు గీతకు ప్రతి 200 మి.మీ.కు ఒక చుక్క పెట్టి, చుక్కల దగ్గర సన్న మేకులు కొట్టి, ముళ్లు లేని పొడుగాటి బద్దను వాటికి ఆనించి గీయాలి. బద్ద ఒకచోట మేకుకు తగలకుండా 2 మి.మీ. ఎడంగా నిలిచిందంటే తప్పు బద్దది కాదు, చుక్కది. ఈ పడవలో ఎడమ పక్క పలక నాలుగో చుక్క అలాగే దొరికింది. ప్లానులోని అంకెను చదవడంలో 5 మి.మీ. తేడా. గీసిన పలకలు రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, స్క్రూలతో బిగించి, గీతకు 2 మి.మీ. బయటగా జిగ్ సాతో కోసి, మిగిలింది చిత్రికతో తీశారు. రెండు పక్కలూ కచ్చితంగా ఒకటే ఉండాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. సాపుగా పరచినప్పుడు పక్క పలక సుమారు 2,400 మి.మీ.; వంచి బిగించాక పొడవు తగ్గి పడవ 2.35 మీటర్లకు వస్తుంది.

కుట్టు, మెలిక

అంచుకు 10 మి.మీ. లోపల, 150 మి.మీ.కు ఒకటి చొప్పున 2 మి.మీ. కన్నాలు. ముక్కు దగ్గర వంపు ఎక్కువ కాబట్టి అక్కడ 75 మి.మీ.కు ఒకటి. 1.2 మి.మీ. రాగి తీగను 100 మి.మీ. ముక్కలుగా కోసి, లోపలినుంచి దూర్చి, బయట రెండు కొసలూ వేలితో మెలేయాలి. మొదటి విడతలో ఏ కుట్టునూ గట్టిగా బిగించకూడదు. అన్ని కుట్లూ వదులుగా పడ్డాక మధ్యనుంచి చివరలకు, ఎడమ ఒకటి కుడి ఒకటి చొప్పున బిగిస్తూ పోవాలి. ఒక పక్కంతా బిగించి రెండో పక్కకు వెళ్తే పడవ ఆ పక్కకు లాగేస్తుంది. కటింగ్ ప్లేయర్‌తో బిగించేటప్పుడు తీగను బయటికి లాగుతూ తిప్పాలి. ఊరికే తిప్పితే కన్నం దగ్గరే తెగుతుంది. పలకల అంచులు లోపలి మూలలు మాత్రమే తగులుతూ, బయట V ఆకారంలో సందు మిగలాలి. ఆ సందులోకి జిగురు వెళ్తుంది.

అన్నీ బిగించాక కూతురు కొలిచింది. ముక్కు మధ్యనుంచి వెనక పలక రెండు మూలలకూ దూరం సమానం. మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ 2 మి.మీ. తేడాలో ఉన్నాయి. చాలామంది ఇక్కడితో ఆగి జిగురు కలుపుతారు. తనిఖీ పుస్తకంలో తరవాతి వరుస మెలిక. వంకర లేని రెండు అల్యూమినియం బద్దలు, ఒక్కోటి 1.5 మీటర్లు: ఒకటి ముక్కు పలక మీద, ఒకటి వెనక పలక మీద అడ్డంగా పెట్టి, పడవ ముందు నాలుగడుగుల దూరంలో వంగి, ఒక కన్ను మూసి, ముందు బద్ద పై అంచుకు వెనక బద్ద పై అంచును కలిపి చూడాలి. రెండూ ఒకే గీతగా కలిసిపోవాలి. ఇక్కడ కలవలేదు.

"అమ్మా, ఇప్పుడే కలపకు. వెనక బద్ద కుడివైపు లేచింది."

"ఏదీ, నువ్వు ఆ చివర కదలకుండా పట్టుకో, నేను చూస్తా."

బద్ద చివర తేడా 11 మి.మీ. కర్ణాలు సమానంగా ఉండి కూడా పడవ మెలి తిరిగి ఉండటం చాలామందికి అర్థంకాని విషయం. కర్ణాలు చెప్పేది పైనుంచి చూసినప్పుడు పడవ పక్కకు వాలిందా అన్నదే. వెనక పలక ఒక మూల లేచి దాని రెండో మూల దిగితే రెండు కర్ణాలూ ఒకే లెక్కన మారతాయి, తేడా ఏమీ రాదు. కాబట్టి కర్ణాలు సరిపోయినంత మాత్రాన మెలిక లేదనడానికి వీల్లేదు. రెండు పరీక్షలూ వేరువేరుగా చేయాల్సిందే.

కారణం కింద దొరికింది. వెనక స్టాండు ఒక కాలు నేల పల్లంలో ఉంది. కుట్టి ఉన్న ప్లైవుడ్ హల్‌కు తనకంటూ బిగువు ఉండదు. కింద ఆధారం ఎలా ఉంటే అలా ఒరుగుతుంది. స్టాండ్లను రసమట్టంతో సరిచేసి, కాలి కింద చెక్క చీలిక కొట్టగానే 11 మి.మీ. కాస్తా 4కు వచ్చింది. మిగిలిన 4 మి.మీ. కుట్లలో ఉంది: వెనక కుడి మూల తీగలు ఐదు వదులు చేసి, ఆ మూల మీద పది కిలోల బరువు పెట్టి, మళ్లీ బిగిస్తే బద్దలు కలిశాయి. ఒక మి.మీ. తేడా ఉన్నా ఫర్వాలేదు. 11 మి.మీ.తో అతికేసి ఉంటే పడవ ఒక దిక్కున ఒకలా, ఇంకో దిక్కున ఇంకోలా నడిచేది. తెరచాపనో చుక్కానినో తప్పుపడుతూ ఎన్నేళ్లు వెతికినా కారణం దొరికేది కాదు.

స్టాండ్లను నేలకు బిగించేశాక, కుట్ల మధ్య చోట్లలో మాత్రమే 50 మి.మీ. పొడవున చిక్కటి ఎపాక్సీ పెట్టారు. అది గట్టిపడ్డాక తీగలన్నీ కోసి లాగేశారు. రాని తీగను సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేస్తే చుట్టూ ఎపాక్సీ మెత్తబడి జారి వస్తుంది.

ఎపాక్సీ

మొత్తం సుమారు 8 కిలోలు పట్టింది. సందులకూ టేప్‌కూ కలిపి 2, అడుగున గ్లాస్ క్లాత్‌కు ఒకటిన్నర, మిగతాది పూతలకు. పూతకు చదరపు మీటరుకు సుమారు 100 గ్రాములు లెక్క, మూడు పూతలు.

నిష్పత్తి డబ్బా మీద ఉన్నదే పాటించాలి. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఆరదు, ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. ఇక్కడ వాడిన రకం ఘనపరిమాణంలో 2:1. హార్డెనర్ రెసిన్ కన్నా తేలిక కాబట్టి త్రాసు మీద కూడా 2:1 తూస్తే లెక్క తప్పుతుంది. బరువు నిష్పత్తి డబ్బా మీద విడిగా ఉంటుంది, అది చూడాలి. ఒకసారికి 150 గ్రాములు మించకుండా కలిపి, రెండు నిమిషాలు గోడలూ అడుగూ గీకుతూ తిప్పి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో పోయాలి. లోతు కప్పులో వదిలేస్తే తన వేడికి తనే పొగలు కక్కి గడ్డకడుతుంది.

కూతురు జిగురు ముట్టుకోలేదు కానీ లెక్కంతా ఆమెదే. ప్రతి విడతకూ ఒక నంబరు, కలిపిన సమయం, గది ఉష్ణోగ్రత, ఏ సందుకు వాడారో పుస్తకంలో రాసింది. కప్పు అడుగున మిగిలినదాన్ని పారేయకుండా నంబరు వేసి వరుసగా ఉంచారు. మర్నాడు తల్లి గోరుతో నొక్కి చూసేది. ఒక కప్పు మెత్తగా ఉంటే ఆ జిగురు పడవలో ఎక్కడుందో పుస్తకం చెబుతుంది. ఈ చిన్న అలవాటును ప్రతి పడవకూ గట్టిగా సిఫారసు చేస్తాను.

లోపలి సందులకు చెక్కపొడి కలిపిన ఎపాక్సీ: పుల్లతో తీసి తలకిందులు చేస్తే జారకూడదు, అంత చిక్కన. 20 మి.మీ. వ్యాసార్థమున్న గుండ్రటి చెక్కతో లాగి వంపు తీర్చి, అది ఇంకా పచ్చిగా ఉండగానే 75 మి.మీ. గ్లాస్ టేప్ పరిచి తడిపారు. అలా చేస్తే మధ్యలో రుద్దే పని ఉండదు. బయట అంచుల్ని 6 మి.మీ. గుండ్రం చేసి టేప్, దాని మీద అడుగంతా చదరపు మీటరుకు 200 గ్రాముల గ్లాస్ క్లాత్. సాపు చేయడానికి వాడే మైక్రోబెలూన్ పొడిని సందుల్లో వాడకూడదు. రుద్దడానికి సుఖంగా ఉంటుంది కానీ బలం ఉండదు.

ఇక్కడ జరిగిన నష్టం లోపలి అడుగు పూతలో. చెమ్మగా ఉన్న రాత్రి మొదటి పూత ఆరింది. పైన చేతికి మైనంలా తగిలే సన్నపొర ఏర్పడింది. హార్డెనర్‌లోని అమైన్లు గాలిలోని తేమతోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసి చేసే పొర అది. దాన్ని కడగకుండా నేరుగా రుద్దారు. రుద్దడం వల్ల పొర పోదు, గీతల్లోకి దిగుతుంది. రెండో పూత చుక్కలు చుక్కలుగా విడిపోయింది, ఆరాక గోరుతో లేచింది. స్క్రేపర్‌తో రెండో పూతంతా తీసి, మామూలు నీళ్లతో గరుకు ప్యాడ్‌తో కడిగి, తుడిచి, 80 నంబరు కాగితంతో రుద్ది మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆ తరవాత తనిఖీ పుస్తకంలో "కడిగారా?" అన్న వరుస చేరింది. ఈ పొర నీళ్లకు కరుగుతుంది, థిన్నర్‌కు కరగదు.

ఇంకొకటి: పచ్చి చెక్కకు మొదటి పూత ఉదయం వేయకూడదు. ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది. సాయంత్రం, చల్లబడుతున్నప్పుడు వేస్తే చెక్క పూతను లోపలికి పీల్చుకుంటుంది.

పక్క పలకల పైఅంచుకు అతికే బద్దల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 9×30 మి.మీ. బద్దలు పక్కకు రెండు పొరలు, 120 మి.మీ.కు ఒక క్లాంప్. క్లాంపులు చాలకపోతే ఒక్కో పక్క విడివిడిగా చేసుకోవచ్చు, కానీ ఆధారం మీద హల్ బిగించి ఉండాలి. లేకపోతే మెలిక మళ్లీ వస్తుంది.

డాగర్‌బోర్డు పెట్టె

ఇంట్లో కట్టే పడవల్లో నీరు కారేది ఎక్కువగా ఇక్కడే. పెట్టె మూసేశాక లోపలికి చెయ్యి పట్టదు. కాబట్టి రెండు పక్కల లోపలి ముఖాలకు గ్లాస్ క్లాత్, మూడు పూతలు ముందే పూర్తిచేయాలి. బోర్డు 6 మి.మీ. ప్లైవుడ్ మూడు పొరలు, 18 మి.మీ.; గ్లాస్, పూత, రంగు కలిసి 20కి చేరుతుంది. సందు 24 మి.మీ. పెట్టారు. 20 పెట్టి ఉంటే మొదటి తడికే బిగుసుకుపోయేది. నీటిలోకి దిగే భాగం 270×550 మి.మీ., అంటే సుమారు 0.15 చదరపు మీటర్లు, తెరచాప విస్తీర్ణంలో నాలుగున్నర శాతం. ఇంత పడవకు అది సరిపోతుంది. ముందంచు గుండ్రంగా, వెనకంచు 3 మి.మీ.కు సన్నబడాలి. చిత్రిక పడుతుంటే ప్లైవుడ్ పొరలే కొలబద్దలవుతాయి: జిగురు గీతలు రెండు పక్కలా సమానంగా, నిటారుగా కనిపిస్తే వంపు సరిగ్గా ఉన్నట్టే.

మాస్ట్

పొడవు 3 మీటర్లు. 30×60 పలకలు రెండు, నార దిశ ఎదురెదురుగా పెట్టి అతికి 60×60 చేశారు. అలా పెడితే ఒకటి వంగాలనుకున్నప్పుడు రెండోది అడ్డుకుంటుంది. చదరాన్ని గుండ్రం చేయడానికి ముందు ఎనిమిది ముఖాలు తీయాలి. ముఖం వెడల్పును 7:10:7గా విడగొడితే చాలు, 60 మి.మీ.కు 17.5, 25, 17.5. చిన్న చెక్కకు ఆ నిష్పత్తిలో రెండు మేకులు, చివరల్లో రెండు పుల్లలు బిగించి గీతకొయ్య చేసుకుంటే మాస్ట్ సన్నబడేచోట దాన్ని ఏటవాలుగా తిప్పి లాగినా గీతలు అదే నిష్పత్తిలో పడతాయి. ఈ పని మొత్తం కూతురు చేసింది, నిజానికి చిత్రికతో ఇంతకన్నా తృప్తినిచ్చే పని పడవలో ఇంకోటి లేదు. చదరం, ఎనిమిది, పదహారు, ఆ తరవాత గరుకు కాగితం. కింద 56 మి.మీ., పైన 38.

మాస్ట్ అడుగు దిగే గుంటకు ఒక పక్క 8 మి.మీ. గాడి ఉండాలి. గాడి లేకపోతే నీళ్లు అక్కడే నిలుస్తాయి, కొయ్య పుచ్చేది అక్కడే.

తెరచాప

పై అంచును ఒక కర్రకూ కింది అంచును ఇంకో కర్రకూ కట్టి, కొంత భాగం మాస్ట్‌కు ముందుకు వచ్చేలా ఎత్తే నాలుగు మూలల తెరచాప ఇది. కింది అంచు 1.9 మీటర్లు, ముందంచు 1.45, పై అంచు 1.7, వెనకంచు 2.66. ఈ కొలతలు ముందంచు నిటారుగా, వెనక కింది మూల 150 మి.మీ. ఎత్తులో ఉండేలా గీసినవి. చదరపు మీటరుకు సుమారు 140 గ్రాముల డాక్రాన్ గుడ్డ. పై అంచుకు 30, కింది అంచుకు 40 మి.మీ. బయటికి వంపు ఇవ్వాలి. కర్రలకు కట్టినప్పుడు ఆ అదనపు గుడ్డే తెరచాపకు పొట్ట ఇస్తుంది. మూలల్లో గుడ్డ మూడు పొరలు. జిగ్‌జాగ్ కుట్టు, పాలిస్టర్ దారం. నూలు దారం ఎండకూ తేమకూ చీకిపోతుంది.

కట్టాక ముఖ్యమైంది ముందంచును కిందికి లాగే తాడు. ఒకే కప్పీ సరిపోదు, మూడింతలో నాలుగింతలో బలమిచ్చే అమరిక కావాలి. తాడు వదులుగా ఉంటే మాస్ట్ దగ్గరి పై మూల నుంచి వెనక కింది మూలకు పెద్ద మడత పడుతుంది, పడవ ఎదురుగాలికి ఎక్కదు. మరీ బిగిస్తే మడత పై కొస నుంచి ముందు కింది మూలకు పడుతుంది. గాలి లేనప్పుడు ఈ రెండో మడత కొంచెం కనిపించి, గాలి నిండగానే మాయమైతే బిగువు సరిగ్గా ఉన్నట్టు.

బోల్తా పరీక్ష

ముందు గాలి పెట్టెల పరీక్ష. బిరడా కన్నంలో గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊది, సందుల మీద సబ్బు నీళ్లు పూస్తే కారేచోట బుడగలు లేస్తాయి. పంపుతో ఊదకూడదు; అంత చదును పలకల మీద కొద్ది ఒత్తిడే సందుల్ని చీల్చగలదు. ఇక్కడ వెనక పెట్టె మూత కింద ఒకచోట బుడగలు వచ్చాయి, పూత పెట్టి మూశారు.

తరవాత నడుములోతు నిశ్చలమైన నీళ్లలో, ఇద్దరూ లైఫ్ జాకెట్లతో, కావాలని బోల్తా కొట్టించారు. ఈ పరీక్ష చేయకుండా పిల్లను పడవలో పంపకూడదని నా గట్టి అభిప్రాయం. పడవ తేలింది. డాగర్‌బోర్డు మీద బరువు వేయగానే లేచింది. కానీ లోపల నీళ్లు నిండి ఉన్నాయి, కూతురు బకెట్టుతో తోడుతుంటే మట్టం తగ్గలేదు. ముందు పెట్టె 75 లీటర్లు, వెనకది 60. పడవను తేల్చి ఉంచడానికి అవి చాలు. అయితే నీళ్లతో నిండినప్పుడు పడవ ఎంత లోతున కూర్చుంటుందన్నది వేరే లెక్క. డాగర్‌బోర్డు పెట్టె పైఅంచు బయటి నీటిమట్టానికి 30 మి.మీ. కిందికి పోయింది. తోడినంత నీరు ఆ సందులోంచి మళ్లీ లోపలికి వచ్చేస్తోంది. ఒడ్డుకు దూరంగా ఇదే జరిగితే ఎంతమంది తోడినా తరగదు.

సరిదిద్దింది రెండు రకాలుగా. పక్కలకు, కూర్చునే బల్లల కింద, నీరు పీల్చని ఫోమ్ దిమ్మలు పక్కకు 40 లీటర్ల చొప్పున పట్టీలతో బిగించారు. ఒక లీటరు గాలికో ఫోమ్‌కో సుమారు ఒక కిలో మోసే శక్తి ఉంటుంది. పక్కల్లో ఉండటం వల్ల ఇంకో మేలు: ఆ మేరకు లోపలికి నీరు పట్టే చోటు తగ్గింది, నీళ్లున్న పడవ అటూ ఇటూ దొర్లడమూ తగ్గింది. రెండోది, పెట్టె గోడల్ని 60 మి.మీ. పైకి పెంచారు. మళ్లీ బోల్తా కొట్టిస్తే పెట్టె పైఅంచు నీటికి పైనే నిలిచింది, తోడితే మట్టం దిగింది. ముందు, వెనక పెట్టెలు మాత్రమే ఉన్న ప్లాను తీసుకునేవాళ్లు ఈ ఒక్కటీ కట్టకముందే మార్చుకోవాలి.

చుక్కాని మీద లాగుడు

ఓ మోస్తరు గాలిలో చుక్కాని పిడి చేతిని బాగా లాగింది. వదిలితే పడవ గబుక్కున గాలి వైపు తిరిగింది. కొద్దిగా అలా తిరగడం మంచిదే, పిల్ల చేయి జారినా పడవ తనే గాలికి ఎదురుతిరిగి ఆగుతుంది. ఇక్కడ మాత్రం అతిగా ఉంది. తెరచాప మాస్ట్‌కు ముందు 150 మి.మీ. మాత్రమే ఉంది, అంటే కింది అంచులో ఎనిమిది శాతం. ఈ రకం తెరచాపకు 10 నుంచి 20 శాతం ముందుండాలి. పై కర్రను ఎత్తే తాడు ముడిని వెనక్కి, కింది కర్రను ముందుకు జరిపి 290 మి.మీ.కు తెచ్చారు. ముడి పై కర్ర పొడవులో ముందునుంచి 38 శాతం దగ్గర కుదిరింది. పిడి రెండు వేళ్లకు వచ్చింది. మాస్ట్ చోటు మార్చాల్సిన పని పడలేదు. అందుకే పిల్లల పడవకు ఈ తెరచాప నాకు ఇష్టం, సవరణలన్నీ ముడులతోనే అయిపోతాయి.

పడవను బోర్లించి, నీడలో, గాలి పెట్టెల బిరడాలు తీసి ఉంచుతున్నారు. బిరడాలు బిగించి ఎండలో వదిలితే లోపలి గాలి వేడెక్కి, సబ్బు నీళ్ల పరీక్షలో నిలిచిన సందునే పగలగొడుతుంది. ఒక సీజను వాడాక చూడాల్సిన చోట్లు మూడు: మాస్ట్ గుంట, డాగర్‌బోర్డు పెట్టె అడుగు, స్క్రూ దిగిన ప్రతి కన్నం. ఆ కన్నాలను ముందే పెద్దవిగా తొలిచి, ఎపాక్సీ నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ డ్రిల్ చేసి స్క్రూ బిగించి ఉంటే నీరు ప్లైవుడ్‌ను ముట్టదు. ఈ పడవలో చుక్కాని కీలు స్క్రూలు అలాగే బిగించారు, అంచు మీది క్లీట్‌లకు (తాళ్లు చుట్టి కట్టే కొక్కేలకు) అలా చేయలేదు. అక్కడ రంగు నల్లబడటం మొదలైతే క్లీట్ విప్పి ఆ పని అప్పుడైనా చేయాలి.